నాలుగు రంగుల రసవాదము

ఇనుమును బంగారముగా మార్చవలెనను కోరిక మానవజాతికి మిక్కిలి ప్రాచీనమైనది. ఆ విద్యను మనవారు రసవాదమనిరి. పరుసవేది మాట వినని తెలుగింటి ఆడుపడుచు ఉండదు. కొండవీటి రెడ్ల పూర్వులకు శ్రీశైల ప్రాంతమునుండి పరుసవేది లింగము లభించిన కథయు, వేమన యోగి కాకమునుపు స్వర్ణవిద్యకై తిరిగిన కథయు మన అవ్వలు చెప్పుచునే యుండిరి. 15వ శతాబ్దమున గౌరన రచించిన నవనాథచరిత్రము సిద్ధుల మహిమలతో నిండియున్నది. ఇన్ని కథలున్నను ఏ కొలిమిలోనైనను ఇనుము బంగారమైనట్లు రుజువు లేదు. నగలు రెట్టింపు చేసి యిత్తుమని వచ్చి, ఉన్న పుస్తెలతాడును గూడ మాయము చేసిన మోసగాండ్రు మాత్రము ప్రతి తరమునను గలరు.

అట్లయిన ఈ వ్యర్థవిద్యను గూర్చి గృహిణులకు చెప్పవలసినదేమి యని సోదరీమణులు ప్రశ్నింపవచ్చును. చెప్పవలసినది కలదు. రసవాదుల పొయ్యిమీద నిజముగా ఉడికినది లోహము కాదు, వారి మనస్సే యని గడచిన శతాబ్దమున ఒక వైద్యుడు నిరూపింప బూనెను. ఆ మాటలో సత్యమున్నచో, దినమునకు మూడుమార్లు పొయ్యి వెలిగించు మనకు రసవాదము దూరపు విద్య కాదు. అందులోను చెఱకును పసుపును పండించు నిజామాబాదు సీమవారికి దాని సంకేతములన్నియు కంటియెదుటనే యున్నవి.

యూంగ్ పండితుడు కనుగొన్నది

ఆ వైద్యుడు స్విట్జర్లాండు దేశస్థుడగు కార్ల్ గుస్టావ్ యూంగ్ (1875–1961). మనస్సులో మనకు తెలిసిన భాగము కొంచెము. తెలియని భాగము మెండు. ఆ తెలియని భాగము కలలుగాను, కథలుగాను, కారణము కానరాని కోపతాపములుగాను పైకి వచ్చుచుండును. దీనిని పరిశీలించు శాస్త్రమును అంతర్మనశ్శాస్త్రమందము. గురుతుల్యుడగు ఫ్రాయిడుతో 1913లో మైత్రి తెగిన పిమ్మట యూంగ్ మనస్సు కల్లోలపడినది. భయంకర దృశ్యములు లేచుచుండెను. ఆయన వానిని అణచివేయలేదు, వానిచే కొట్టుకొనిపోవనులేదు. వచ్చిన యతిథిని కూర్చుండబెట్టి మాటాడించినట్లు ఆ రూపములతో మాటాడి, విన్నది వ్రాసికొని, కన్నది చిత్రించుకొనెను.

1928లో రిచర్డ్ విల్‌హెల్మ్ అను మిత్రుడు చీనా దేశపు యోగగ్రంథమునొకదానిని ఆయనకు పంపెను. తాను కన్న రూపములే అందును గోచరించుటచే యూంగ్ ఆశ్చర్యపడి, ఐరోపాలోని ప్రాచీన రసవాద గ్రంథములను వెదకి చదువసాగెను. ఆ పరిశ్రమ ఫలము 1944లో మనశ్శాస్త్రమును రసవాదమును గూర్చిన పెద్ద గ్రంథముగ వెలువడినది. అందు ఒక యువ శాస్త్రజ్ఞుని కలలను వరుసగా పరిశీలించి, రసవాదమెఱుగని యతని కలలలోను రసవాదుల సంకేతములే వచ్చుచున్నవని చూపెను. ఆ యువకుడు 1945లో నోబెల్ బహుమానమందిన భౌతికశాస్త్రవేత్త వుల్ఫ్‌గాంగ్ పౌలీ యని తరువాత లోకమునకు తెలిసినది.

1937 డిసెంబరులో యూంగ్ మన దేశమునకు వచ్చెను. కలకత్తాలో జరుగనున్న విజ్ఞానశాస్త్ర మహాసభల రజతోత్సవమునకు ప్రభుత్వము ఆయనను ఆహ్వానించినది. ప్రయాణమున తోడుగా తెచ్చుకొన్నది 1602లో అచ్చయిన రసవాద సంకలనపు మొదటి సంపుటము. దానినే ఆయన మొదటినుండి కడవఱకు చదివెను. అదే 1937లో బోధను చెంత నిజాం చక్కెర మిల్లు స్థాపితమైనది. ఆ పండితుడు నలుపు తెలుపగు సంకేతమును పుస్తకమున చదువుకొనుచున్న కాలముననే, మురికి చెఱకురసమును తెల్లని పంచదారగా మార్చు యంత్రములు శక్కర్ నగరమున లేచుచుండెను. ఒకదానికొకటి సంబంధము లేదు; పోలిక మాత్రము గట్టిది.

బోధను నలుపు తెలుపులు, ఇందూరు పసుపు ఎఱుపులు

రసవాదులు తమ పాకమునకు నాలుగు దశలు చెప్పిరి. మొదటిది నలుపు: పాత్రలోని పదార్థము క్రుళ్ళి, మాడి, ఆశ కనుపింపని స్థితి. రెండవది తెలుపు: మాలిన్యము కడుగబడిన స్థితి. మూడవది పసుపు: తెల్లవాఱు వెలుగు. నాలుగవది ఎఱుపు: సిద్ధి. యూంగ్ వీనిని మనస్సునకు అన్వయించెను. తనలోని అసూయను, కసిని, దుఃఖమును తాను తొలిసారి ముఖాముఖి చూచుట నలుపు. ఆ చూపుచేతనే మనస్సు తేటపడుట తెలుపు. ఆ తేటలో అర్థము స్ఫురించుట పసుపు. తెలిసిన యర్థము రక్తమువలె ఒంట ప్రవహించి నడతలోనికి వచ్చుట ఎఱుపు. తెలుపుతో ఆగిపోయినవాడు శుద్ధుడే కాని చల్లనివాడు. జీవితమునకు మఱల వెచ్చగా రావలెనన్నచో ఎఱుపు కావలెను.

ఇపుడు నిజామాబాదు జిల్లాను చూడుడు. 1923లో మొదలై 1931లో ముగిసిన నిజాంసాగర నిర్మాణముచే మంజీరా నీరు బోధను పొలములకు పాఱినది. ఆ నీటితో చెఱకు పెరిగినది. గానుగనుండి వచ్చిన రసము మురికి రంగున నుండును. మన దేశమున తెల్లచక్కెర చేయు మిల్లులలో పెక్కింట దానిని కాచి, సున్నపు నీరు పోసి, గంధకము కాల్చిన పొగను పట్టింతురు. మాలిన్యము ముద్దకట్టి అడుగునకు దిగును. తేటరసమును చిక్కగా కాచినపుడు పలుకులు కట్టును. గిఱ్ఱున తిరుగు జల్లెడ పాత్రలు నల్లని పానకమును బయటికి చిమ్మివేయగా తెల్లని చక్కెర మిగులును. ఆ నల్లని పానకమే మొలాసిస్. దానినైనను ఎవరును పాఱబోయరు. సారాయము దీయుటకును పశువుల మేతకును అది పనికివచ్చును. రసవాదుల ముఖ్యోపదేశమును ఇదే: నిధి దొరకునది జనులు తన్ని పాఱవేసిన దానియందే.

ఆర్మూరు, నిజామాబాదు ప్రాంతములలో పసుపు పని వేఱొక పాకము. త్రవ్విన దుంపలను కడిగి, ఉడికించి, ఎండలో పలుదినములు ఆరబెట్టి, పీపాలలో త్రిప్పి మెఱుగు పెట్టుదురు. మట్టి అంటిన కొమ్ము బంగారు కొమ్మగుటకు నీరు, నిప్పు, ఎండ, రాపిడి అన్నియు కావలెను. ఆ పసుపునకు సున్నము తగిలినచో ఏమగునో చెప్పనక్కఱలేదు. పారాణి కలుపు ప్రతి బాలికకును తెలియును: క్షణములో ఎఱ్ఱబడును. పసుపులోని రంగుద్రవ్యమునకు క్షారము తగులుటయే అందులకు కారణము. మన కుంకుమయు పసుపునుండి పుట్టినదే.

కాబట్టి నలుపు తెలుపులు బోధనులోను, పసుపు ఎఱుపులు ఇందూరులోను గలవు. ఐరోపా రసవాదులు 15, 16 శతాబ్దముల నాటికి పసుపును క్రమముగా వదలివేసి మూడు రంగులతోనే సరిపెట్టుకొనిరని యూంగ్ వ్రాసెను. ఇందూరు స్త్రీలనడిగియున్నచో పసుపును వదలనిచ్చెడివారు కారు.

ఒక మాట ఇచ్చట చెప్పక తప్పదు. కుంకుమ ఎఱుపును మన సంఘము భర్త ఆయుర్దాయమునకు ముడివేసి, అతడు పోయిన దినమున దానిని తుడిచివేసినది. రసవాదుల ఎఱుపు మనఃపరిపాకమునకు గుర్తు. అది ఒకరితో వచ్చునది కాదు, ఒకరితో పోవునదియు కాదు. దుఃఖమనెడి నలుపును పూర్తిగా దాటి మఱల బిడ్డలకొఱకును తనకొఱకును నిలిచిన విధవ ఆ ఎఱుపునకు అందఱికంటె ముందు హక్కుగలది.

బావరి భయము

పాకమునకు సెగ ఎట్లో మనస్సునకు స్మృతి అట్లు. స్మృతి యనగా ఇచ్చట జ్ఞాపకశక్తి కాదు. ఈ క్షణమున నాలో ఏమి జరుగుచున్నదో ఎఱుకతో చూచుట. పాళీ భాషలో దీనిని సతి యందురు. ఈ విద్య నేడు విదేశములనుండి వచ్చిన క్రొత్త చికిత్సగా పట్టణములలో వినబడుచున్నది. 1979లో అమెరికాలోని మసాచుసెట్స్ వైద్యకళాశాలలో జాన్ కబాట్-జిన్ రోగుల బాధ తగ్గించుటకై దీనిని నేర్ప మొదలిడిన మాట నిజమే. కాని దీని తొలి కథలలో నొకటి మన గోదావరి గట్టుదే.

బౌద్ధుల సుత్తనిపాతమున కడపటి వర్గములో బావరి యను వృద్ధ బ్రాహ్మణుని వృత్తాంతము గలదు. ఆయన కోసలమునుండి దక్షిణాపథమునకు వచ్చి అస్సక దేశమున గోదావరీ తీరమున ఆశ్రమము కట్టుకొనెను. ఆ అస్సక దేశపు రాజధానియగు పోతనము నేటి బోధనే యని చరిత్రకారులు పలువురు తలంతురు. బావరి ఆశ్రమమును నిర్మల జిల్లాలోని బాదనకుర్తి యొద్ద చూపువారును గలరు.

బావరి యజ్ఞము చేసి ఉన్నదంతయు దానమిచ్చెను. పిమ్మట ఒక యాచకుడు వచ్చి ఐదువందల నాణెములడిగెను. లేవని చెప్పగా, ఏడవ దినమున నీ తల ఏడు వ్రక్కలగునని శపించిపోయెను. వృద్ధుడు అన్నము మానెను, శోకముతో కృశించెను, ధ్యానమున మనస్సు నిలువలేదు. మనలో ఎందఱము ఎవరో అన్న యొక మాటను తలలో నుంచుకొని వారములకొలది తిండి మానలేదు?

కడకు ఆయన తన శిష్యులను పదునాఱుగురను బుద్ధుని యొద్దకు పంపెను. వారు పైఠానము, ఉజ్జయిని మీదుగా మగధవఱకు నడచిరి. తల యననేమి, తల పగులుట యననేమి యని అజితుడు ప్రశ్నించెను. బుద్ధుడు శాపమును నిజమనలేదు, అబద్ధమనలేదు; దాని యర్థమును మార్చెను. తల యనగా అవిద్య. దానిని పగులగొట్టునది విద్య యని బదులిచ్చెను. ఎవరి తల పగులునని వృద్ధుడు వణకెనో అది పగిలిన మేలే యని తేలినది. భయము పుట్టించు రూపమును పాఱద్రోలక దాని లోపలి యర్థమునడుగుటయే యూంగ్ పండితుడు రెండువేలయేండ్లకు పైబడిన పిమ్మట చేసిన పని.

అజితుడు మఱియొకటి యడిగెను. అన్ని దిక్కులకును ప్రవాహములు పాఱుచున్నవి; వానికి అడ్డుకట్ట ఏది? స్మృతియే అడ్డుకట్ట యని సమాధానము. నిజాంసాగరము చూచినవారికి ఈ పోలిక వేఱుగ వివరింపనక్కఱలేదు. ఆనకట్ట ఏటిని ఎండగట్టదు. నిలుపును, లోతు తెలియజేయును, తూములగుండ కావలసినంత వదలును. ఆనకట్ట లేని వరద చేనును ముంచును. నీరు లేని ఆనకట్ట చేనును ఎండబెట్టును.

నిజామాబాదునకు బోధనునకు నడుమనున్న ఎడపల్లి మండలమున పోచారములో ధమ్మ నిజ్ఝాన అను విపశ్యనా కేంద్రము గలదు. బర్మానుండి 1969లో వచ్చి మన దేశమున ఈ పద్ధతిని వ్యాపింపజేసిన సత్యనారాయణ గోయెంకా (1924–2013) సంప్రదాయమునకు చెందినదది. పది దినములు మౌనముతో శ్వాసను, శరీరమున గలుగు స్పర్శలను గమనించుట అచ్చటి క్రమము. రుసుము లేదు. బావరి శిష్యులు మగధవఱకు నడచి తెచ్చుకొన్నది బోధను బస్సులో పోయి నేర్వదగినంత దగ్గఱకు మఱల వచ్చినది.

యూంగ్ మార్గమును ఈ మార్గమును ఒకటే యని మేము చెప్పము. విపశ్యన చేయువారు లేచిన తలపును చూచి, అది లేచి పోవునదని గ్రహించి, వెంబడింపక యూరకుందురు. యూంగ్ అట్లు పోనీయక, నీవెవరవు, ఏమి కావలెనని దానిని అడుగుమనును. మొదటిది నీటిని నిలిపి తేర్చుట; రెండవది తేరిన నీటి అడుగున ఏమున్నదో చూచుట. 1936లో ప్రబుద్ధ భారత పత్రికకు వ్రాసిన వ్యాసమున యూంగ్ పాశ్చాత్యులను యోగానుకరణ తగదని హెచ్చరించెను. ఎవరి మనస్సు ఏ సంకేతములతో పెరిగినదో ఆ సంకేతములతోనే పరిపాకము చెందవలెనని ఆయన యభిప్రాయము. ఆ హెచ్చరిక మనకును వర్తించును. చీనావారి బంగారు పువ్వు మనకక్కఱలేదు, పసుపుకొమ్ము చాలును.

ఓర్పు వేఱు, స్మృతి వేఱు

రసవాదులు పాత్ర మూత గట్టిగా నుండవలెననియు, సెగ సన్నగ నుండవలెననియు పదేపదే చెప్పిరి. బెల్లము వండు చోట చూచినవారికి ఇది తెలియును. మంట హెచ్చిన రసము మాడును. తగ్గిన పాకము రాదు. బెండమొక్కల జిగురు పోసినపుడు తెట్టు పైకి వచ్చును, దానిని తీయుచుండవలెను. వండువాడు పెనము విడిచి పోరాదు. మనస్సులో కోపము క్రాగునపుడు మనము చేయు పొరపాట్లు రెండే. వెంటనే పొంగనిచ్చి బిడ్డమీద పోయుట ఒకటి. మూత బిగించి, క్రింద మంట అట్లే యుంచి, నాకేమియు కోపము లేదనుకొనుట రెండవది. పొంగినది ఇతరులను కాల్చును; బిగించినది తలనొప్పియై, నిద్రలేమియై, కారణము లేని ఏడుపై తన్ను కాల్చును.

స్త్రీలకు మనవారు తరతరములుగా ఓర్పును బోధించిరి. ఆ ఓర్పులో పెక్కుపాళ్ళు ఈ రెండవ పొరపాటే. స్మృతి దానికి విరుద్ధము. ఓర్పు, ఇది చూడకుము అనును; స్మృతి, చూడుము, పేరు పెట్టుము, తప్పుకొనకుము అనును. చూచిన పిదప మౌనము తగునా, మాట తగునా, ఫిర్యాదు తగునా యని నిర్ణయించుకొను శక్తి వచ్చును. కొట్టు చేతిక్రింద కూర్చుండి శ్వాసను గమనించుమని చెప్పు విద్య ఏదియు విద్య కాదు. అట్టి యింటనున్న సోదరి ముందుగా 181 సంఖ్యకు ఫోను చేసి సహాయము పొందవలెను. మనఃపాకము తరువాతి మాట.

బోధను మిల్లు కథయందును ఇదియే వివేకము కావలెను. ఒకనాడు ఆసియాలోనే పెద్దదని పేరొందిన ఆ మిల్లు 2015 డిసెంబరులో మూతపడినది. పొగగొట్టము చల్లబడినపుడు వేలకొలది యిండ్ల పొయ్యిలును చల్లబడినవి. చెఱకు బండ్ల కాలము పోయినది. జీతముపై ఆధారపడిన సంసారములు చెదరినవి. కార్మికుని పనిపోయిన దినమునుండి ఇంట పేరుకొను మౌనమును మొదట మోయునది భార్య. ఆ నలుపును ధ్యానము తీర్చునని చెప్పుట క్రూరత్వము. రావలసిన జీతము జీతమే; దానిని అడుగవలెను, పోరాడవలెను. కాని నాలోని యీ కసి మిల్లుమీదిదా, మగనిమీదిదా, నా చిన్ననాటి పేదరికపు భయమా యని తెలిసికొన్న స్త్రీ, మిల్లు మీది కోపమును బిడ్డ వీపుమీద చూపదు. పోరాటమునకును ఆమె స్థిరముగా నిలువగలదు.

ఇంట చేయదగినది

ఇందులకు ఆశ్రమము కట్టుకొననక్కఱలేదు. నిజామాబాదు జిల్లాలో ఎందఱో స్త్రీలు చేట ఒడిలో పెట్టుకొని దినమెల్ల బీడీలు చుట్టుదురు. చేతులు తునికాకును చుట్టుచుండ మనస్సు ఎక్కడెక్కడనో తిరుగును. ఎక్కడికి పోయినదో గంటకొకసారి చూచుటయే తొలి యభ్యాసము. తిట్టక, మెచ్చక, పోయినదని తెలిసికొని, మఱల చేతివ్రేళ్ళమీదికి తెచ్చుకొనవలెను. అన్నము వండునపుడును, అంట్లు తోమునపుడును ఇది సాగును. ఉదయముననో రాత్రియో పదినిమిషములు శ్వాసను మాత్రము చూచుచు కూర్చుండగలిగిన మఱియు మేలు.

రెండవది, కల జ్ఞాపకమున్న దినమున దానిని పద్దుల పుస్తకపు వెనుక పుటలో నాలుగు పంక్తులు వ్రాసికొనవలెను. శకునముగా చూడరాదు. పాము కనబడిన కీడనియు, పెండ్లి కనబడిన చావనియు భయపడుట బావరి చేసిన పని. ఈ కల నా యింట, నా యొంట దేనిని చూపుచున్నదని అడుగుట అజితుడు చేసిన పని. ఒక మాసము వ్రాసినచో మఱల మఱల వచ్చు రూపమొకటి బయటపడును. దానితో సావకాశముగ మాటాడవచ్చును.

మూడవది, పాత్రకు మూత యుండవలెను. మనస్సులో ఉడుకుచున్న దానిని బావిగట్టున పదిమందికి చెప్పిన ఆవిరియై పోవును. ఎవరికిని చెప్పక బిగబట్టిన పగులును. నమ్మదగిన ఒక్కరికి, వారు తల్లియైనను, స్నేహితురాలైనను, వైద్యురాలైనను, చెప్పుట మేలు. నిద్రాహారములు వారములకొలది తప్పినను, బ్రతుకువలదను తలంపు కలిగినను, అది పాకదశ కాదు, రోగము. అట్టిచో ఆలస్యము చేయక వైద్యుని చూడవలెను. ప్రభుత్వపు టెలీ మానస్ సేవకు 14416 సంఖ్యపై ఉచితముగా మాటాడవచ్చును. తెలుగున బదులు చెప్పుదురు.

పాదరసముతోను గంధకముతోను ఇంట ప్రయోగములు చేయవలదని వేఱుగ చెప్పనక్కఱలేదు. పాదరసపు ఆవిరి విషము. హఠయోగప్రదీపిక మనస్సును పాదరసముతో పోల్చినది గాన, ఆ రసము ప్రతివారియొద్దను ఉన్నట్లే. దానిని కాచు పొయ్యి, తేర్చు సున్నము, కావలియుండు చూపు మనయందే గలవు. రాత్రి పొయ్యి ఆర్పిన పిదప, నేడు నాలో ఏ రంగు నడచినదని ఒక్కసారి చూచుకొని నిద్రింపుడు. నలుపైన నలుపే యని ఒప్పుకొనుడు. పాకము మొదలగునది ఆ రంగుతోనే.